నల్లమలలో నీళ్ళున్న చోట్లు

కృష్ణానది దక్షిణపు ఒడ్డు నుంచి పెన్నానది వరకు ఉత్తర దక్షిణాలుగా సాగుతూ, పడమట కుందూ లోయలోని నల్లరేగడి పొలాలకూ తూర్పున మార్కాపురం, కంభం, గిద్దలూరు మెట్టభూములకూ మధ్య గోడలా నిలిచిన కొండల వరుసను నల్లమల అంటారు. కృష్ణకు ఉత్తరాన, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పీఠభూమిగా పిలిచే ఎత్తు ప్రాంతం కూడా రాతిలోనూ అడవిలోనూ దీనికి కొనసాగింపే. 'మల' అన్నది కొండకు పాత మాట. తిరుమలలో ఉన్నదీ, కుందూకు అవతలి ఎర్రమలలో ఉన్నదీ ఆ మాటే. దట్టమైన అడవి దూరానికి నల్లగా కనిపించడం వల్ల దీనికి నల్లమల అనీ, పలచని పొదలతో ఎర్రని రాయి బయటపడి కనిపించడం వల్ల దానికి ఎర్రమల అనీ పేర్లు వచ్చాయని చెప్పుకుంటారు. భక్తుల భూగోళం మరొకటి ఉంది: ఈ కొండల వరుస మొత్తం ఆదిశేషుడి శరీరమనీ, తిరుమల అతని పడగ, అహోబిలం నడుము, శ్రీశైలం తోక అనీ వారి నమ్మకం. పటం ముందు పెట్టుకుని చూస్తే, ఉత్తరం నుంచి దక్షిణానికి వంపు తిరుగుతూ పోయే ఆ వరుసకు అంతకన్నా మంచి పోలిక దొరకదు.

నేడు నల్లమలకు వచ్చే యాత్రికుడు శ్రీశైలం, అహోబిలం, మహానంది, మల్లెలతీర్థం, అక్కమహాదేవి గుహలు, కంభం చెరువు అంటూ ఒక్కొక్క చోటినీ విడివిడిగా చూసి వెళ్తాడు. ఈ చోట్లన్నీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలతో పేరు తెచ్చుకున్నవే అయినా, వాటిని కలిపే సూత్రం ఒకటుంది. ఏడాదిలో సగం కాలం వాగులన్నీ ఎండిపోయే ఈ అడవిలో, ఎండని నీరు ఎక్కడుందో మనిషి అక్కడే ఆగాడు. ఒక నీటి నుంచి మరో నీటికి ఎండ ముదిరేలోపు నడవగలిగినంత దూరమే దారి అయింది. ఆ దారి వెంటే గుడీ, మఠమూ, మంటపమూ, చివరికి శాసనమూ లేచాయి. నల్లమల చరిత్రను రాజుల వరుసలో చదవడం కన్నా ఈ నీటి వరుసలో చదవడం మేలు, ఎందుకంటే రాజవంశాలు మారినప్పుడల్లా గుడికి కొత్త గోడ వచ్చింది గాని, యాత్రికుడు ఆగి దాహం తీర్చుకునే కొలను మాత్రం మారలేదు.

నీరు అలా కొన్ని చోట్లనే దొరకడానికి కారణం రాతిలో ఉంది. భూగర్భశాస్త్రజ్ఞులు కడప శిలావర్గమని పిలిచే అతి పురాతనమైన శిలల్లో నల్లమల ఒక భాగం. ఇందులో రెండు రకాల రాళ్ళు ముఖ్యమైనవి. ఒకటి క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి భూగర్భంలో ఒత్తిడికీ వేడికీ గురై, ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి, సుత్తికి కూడా లొంగనంత గట్టిపడిన రాయి. రెండవది పలకలు పలకలుగా విడిపోయే మెత్తని రాయి. శాస్త్రజ్ఞులు మొదటి రకాన్ని ఈ వరుసలోని బైరేనికొండ పేరుతోనూ, రెండవదాన్ని కంభం పేరుతోనూ వ్యవహరిస్తారు. 900 మీటర్లు దాటిన బైరేనికొండ ఈ వరుసలో అన్నిటికన్నా ఎత్తయినది. క్వార్ట్‌జైట్ పగుళ్ళలోకి దిగిన వాననీరు కింద ఉన్న పలకరాతి పొర దాటలేక, ఆ పొర ఎక్కడ బయటపడితే అక్కడ ఊటగా పైకి వస్తుంది. దక్షిణ భాగంలో ఈ పొరలు మడతలు పడి నిటారు గట్లుగా, వాటి మధ్య పొడవాటి లోయలుగా ఏర్పడగా, ఉత్తరాన శ్రీశైలం, అమ్రాబాద్ ప్రాంతంలో అవి బల్లపరుపుగా పరుచుకున్నాయి. ఆ బల్లపరుపు రాతిని కృష్ణ నిలువునా కోసుకుంటూ పోవడం వల్లనే శ్రీశైలం దగ్గర నది అంత లోతైన ఇరుకులో పారుతుంది.

ఈ పలకరాయికి తెలుగువారి జీవితంలో మరో చోటు కూడా ఉంది. కొండకు తూర్పు పాదంలో, మార్కాపురం చుట్టుపక్కల గనుల నుంచి తీసిన ఈ రాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, చుట్టూ కొయ్య చట్రం బిగిస్తే బడిపిల్లల పలక అయ్యేది. ప్లాస్టిక్ పలకలూ నోటుపుస్తకాలూ రాకముందు తెలుగు పల్లెల్లో అక్షరాభ్యాసం చేసిన తరాల పిల్లలు తొలి 'ఓనమాలు' దిద్దింది మార్కాపురం పలకల మీదనే. అంటే చాలామంది నల్లమలను కళ్ళతో చూడకముందే వేళ్ళతో తాకారు.

కొండను అడ్డంగా దాటడానికి పూర్వం రెండు కనుమలే ముఖ్యమైనవి. కనుమ అంటే రెండు గట్ల మధ్య బండ్లు గాని ఎద్దులు గాని పోవడానికి వీలైన సందు. ఉత్తరాన మంత్రాల కనుమ, దక్షిణాన నంది కనుమ అన్న ఈ రెండింటి గుండానే తీరపు ఉప్పు పడమటికీ, పడమటి ధాన్యం తూర్పుకూ ఎద్దుల మీద సాగేవి. 1880ల చివర సదరన్ మరాఠా రైల్వే సంస్థ నంద్యాల నుంచి కంభం వైపు మీటర్‌గేజి రైలుమార్గం వేసినప్పుడు, ఇంజనీర్లు కూడా నంది కనుమ పరిసరాలనే ఎంచుకున్నారు. సొరంగాలు తొలిచి, లోయ మీదుగా ఎత్తయిన రాతి స్తంభాలపై దొరబావి వంతెన కట్టి వారు వేసిన ఆ మార్గం వంద సంవత్సరాలకు పైగా నడిచింది. తరువాత బ్రాడ్‌గేజికి కొత్త దారి వేయడంతో పాత వంతెన స్తంభాలు అడవిలో నిలిచిపోయాయి. గాజులపల్లె నుంచి దిగువమెట్ట వరకు రైలులో పగటిపూట ప్రయాణం చేసేవారికి, టికెట్టు ధరకే దొరికే కొండ దర్శనం అది.

శ్రీశైలం పేరు చరిత్రలో చాలా ముందు నుంచే వినిపిస్తుంది. నాసిక్ గుహలో సాతవాహన రాజమాత గౌతమీ బాలశ్రీ వేయించిన ప్రాకృత శాసనం ఆమె కుమారుడి ఏలుబడిలోని పర్వతాలను వరుసగా చెబుతుంది. అందులోని 'సిరిటన' అన్న పేరును పలువురు చరిత్రకారులు శ్రీశైలంగా గుర్తించారు. మూడవ, నాల్గవ శతాబ్దాల్లో విజయపురి రాజధానిగా పాలించిన ఇక్ష్వాకుల నాగార్జునకొండ శాసనాలు ఆ ప్రాంతాన్ని 'సిరిపవత', అంటే శ్రీపర్వతం, అంటాయి; కాబట్టి ఆ రోజుల్లో ఈ పేరు ఒక్క శిఖరానికి కాక కృష్ణ ఒడ్డున ఉన్న కొండల వరుసకంతటికీ చెల్లి ఉండాలి. ఆ తరువాత వచ్చిన విష్ణుకుండినులు తమను శ్రీపర్వతస్వామి పాదసేవకులుగా శాసనాల్లో చెప్పుకున్నారు. భవభూతి మాలతీమాధవ నాటకంలో శ్రీపర్వతం కాపాలికులకూ మంత్రసిద్ధి కోరేవారికీ నెలవుగా కనిపిస్తుంది. బౌద్ధులు, కాపాలికులు, కాలాముఖులు, వీరశైవులు, సిద్ధులు ఒకరి తరువాత ఒకరు, కొన్నిసార్లు ఒకరి పక్కన ఒకరు, ఈ కొండను తమదిగా భావించారు.

శైవ సంప్రదాయం శ్రీశైలానికి నాలుగు దిక్కుల్లో నాలుగు ద్వారాలను చెబుతుంది: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ద్వారం అన్న మాటను ఇక్కడ అలంకారంగా తీసుకోకూడదు. నాలుగు వైపుల నుంచి వచ్చే యాత్రికులు అడవిలోకి అడుగుపెట్టే ముందు కూడుకుని, తోడు చూసుకుని, తిండీ నీళ్ళూ సర్దుకుని బయలుదేరే స్థావరాలు అవి. సిద్ధవటం పెన్న ఒడ్డున ఉంది, అలంపురం తుంగభద్ర ఒడ్డున ఉంది, ఉమామహేశ్వరం అమ్రాబాద్ పీఠభూమి అంచున కొండచరియ కింద ఊట పక్కన ఉంది. త్రిపురాంతకం ఒక్కటే చిన్న గుట్ట మీద ఉంది. అక్కడి గుడిలో కాకతీయుల కాలపు శాసనాలు దండిగా దొరికాయి. అక్కడి నుంచి శ్రీశైలానికి సొరంగమార్గం ఉందని స్థానికులు చెప్పుకునే మాటలో అడవిదారి భయం ధ్వనిస్తుంది.

ఆ నడకదారుల్లో పడమటి నుంచి వచ్చేది ఎక్కువగా వాడుకలో ఉండేది, ఇప్పటికీ పూర్తిగా మూతపడనిది. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలోకి ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం, హాటకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరే ఈ దారి నలభై కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. మజిలీల పేర్లలోనే నీళ్ళున్నాయి. నాగలూటిలో వీరభద్రుడి గుడీ, దాని పక్కనే రాతిమెట్ల కోనేరూ ఉన్నాయి. పెద్దచెరువును స్థానికులు పేచెరువు అంటారు. అక్కడ తామరలు పరుచుకున్న చెరువు ఒడ్డున చెంచుల గూడెం ఉంది. భీమునికొలను దగ్గర దారి ఒక్కసారిగా లోయలోకి దిగి, అడుగున కొలనును ఒరుసుకుంటూ పోయి, అవతలి గట్టుకు నిటారుగా ఎక్కుతుంది. రెండు వైపులా పెద్ద రాతిపలకల మెట్లు పరిచి ఉన్నాయి. శతాబ్దాల పాదాల రాపిడికి ఆ మెట్ల అంచులు గుండ్రబడి, నడిమి భాగం గిన్నెలా అరిగి, వాన కురిసినప్పుడు ఒక్కో మెట్టు గుక్కెడు నీటిని పట్టి ఉంచుతుంది. ఎక్కుడు ముగిసిన చోట ఉన్న చిన్న రాతి తోరణమే కైలాసద్వారం. అక్కడికి చేరినవాడికి ఆ పేరు అతిశయోక్తి అనిపించదు.

కొండకు మెట్లు కట్టించడం ఆనాటి రాజులకు గొప్ప పుణ్యకార్యం, దానికి తోడు గొప్ప ప్రచారం. అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యాన్ని నెలకొల్పిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అతని కొడుకు అనవేమారెడ్డి 1377లో శ్రీశైల ఆలయంలో వీరశిరోమంటపం కట్టించాడు. వీరశైవంలోని ఒక ఉగ్రమైన ఆచారాన్ని అనుసరించి, భక్తులు తమ నాలుకనో తలనో తామే కోసుకుని దేవుడికి అర్పించిన చోటు అది. కొంగు దేశపు వీరులు అలా చేసి దివ్యదేహాలు పొందారని మంటపం శాసనమే చెబుతుంది. ఆ ఆచారాన్ని నేటి పాఠకుడు ఎలా భావించినా, ఒక రాజు దానికోసం ప్రత్యేకంగా మంటపం కట్టించాడంటే అది ఎక్కడో మూల జరిగిన వింత కాదని ఒప్పుకోవాలి. విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయలు ముఖమంటపాన్నీ, అతని రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లనూ కట్టించారు. కొండ మీది గుడి నుంచి ఇరుకులో పారే కృష్ణకు దిగే రేవునే పాతాళగంగ అంటారు. రోప్‌వే రాకముందు ఆ దిగుడూ ఎక్కుడూ ప్రతి యాత్రికుడి మోకాళ్ళకూ గుర్తుండేవి. కొండవీటిని జయించిన కృష్ణదేవరాయలు 1515లో ఇక్కడికి వచ్చి, రథవీధికి ఇరువైపులా సాలుమంటపాలు, అంటే వరుసగా సాగే మంటపాలు, కట్టించాడు. 1677లో దక్షిణ దండయాత్రకు వచ్చిన శివాజీ ఇక్కడ కొన్నాళ్ళు గడిపాడు. ఉత్తరపు గోపురాన్ని ఇప్పటికీ శివాజీ గోపురమనే పిలుస్తారు.

ఈ కట్టడాలన్నిటిలో ఎక్కువసేపు నిలిచి చూడవలసింది ప్రాకారం, అంటే ఆలయం చుట్టూ కోటగోడలా కట్టిన రాతిగోడ. దర్శనానికి తొందరపడే యాత్రికులలో చాలామంది దానికి వీపు చేసి చెప్పులు విప్పుకుంటారు. విజయనగర కాలపు ఈ గోడ బయటి ముఖమంతా వరుసలు వరుసలుగా చెక్కడాలే. కింది వరుసల్లో ఏనుగులు, గుర్రాలు, ఒంటెలు సాగుతుంటాయి. వాటి మీద వేట సాగుతుంది, కుక్కలు పందిని చుట్టుముడతాయి, పులి ఎదుట మనిషి బల్లెం ఎత్తుతాడు. ఆపైన కిరాతార్జునీయం, కన్ను పెరికి ఇచ్చే కన్నప్ప, భిక్షాటన మూర్తి, జటలూ కుండలాలూ ధరించి వింత వాహనాల మీద కూర్చున్న సిద్ధులు, నాథయోగులు కనిపిస్తారు. పురాణ ఘట్టం ఒకటి, వేట ఘట్టం ఒకటి పక్కపక్కనే రావడంలో ఏ క్రమమూ లేనట్టు తోచవచ్చు; కాని గోడకు అవతల ఉన్నది వేటాడే అడవే గనుక, గోడను చెక్కిన శిల్పులకు దేవుడి కథకూ అడవి కథకూ మధ్య సరిహద్దు గీయవలసిన అవసరం కనిపించలేదనుకోవాలి.

ఆ గోడను శ్రద్ధగా చూసి రాసిన తొలి ఐరోపావాడు కాలిన్ మెకంజీ. తెలుగు దేశపు కైఫీయతులు సేకరించిన సర్వేయరుగా తెలుగువారికి తెలిసిన ఈ స్కాట్లండు సైనిక ఇంజనీరు 1794లో శ్రీశైలం వచ్చాడు. కన్నడ యాత్రికులూ స్థానికులూ కొండను 'పర్వతం' అనే పిలుస్తుండగా విని, తన వ్యాసంలో ఆ పేరునే వాడాడు; అది 'ఏషియాటిక్ రిసర్చెస్' పత్రిక అయిదవ సంపుటంలో వెలువడింది. మెకంజీ తరువాత నాలుగు దశాబ్దాలకు లోపలే, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, దారిలో అహోబిలం, మహానంది చూసుకుని, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో నల్లమల భాగం అప్పటి యాత్ర ఎంత భారమో చెప్పే విలువైన సాక్ష్యం. అడవిదారి కందనవోలు, అంటే కర్నూలు, నవాబుల ఏలుబడిలో ఉన్నందువల్ల యాత్రికులు సుంకం చెల్లించాలి, కొండ మీద సామాన్లు దొరకవు గనుక బియ్యం పప్పులు కింది నుంచే మోయించుకోవాలి, డోలీబోయీలకూ దారి చూపే చెంచులకూ కూలి ఇచ్చుకోవాలి. 1839లో కర్నూలును కంపెనీ ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడంతో నవాబుల సుంకం పోయింది గాని, అడవి మాత్రం అలాగే ఉండిపోయింది.

చెంచుల ప్రస్తావన లేకుండా ఈ కొండలోని ఏ దారి గురించీ రాయడం కుదరదు. సేద్యం చేయకుండా గడ్డలు తవ్వుకుని, తేనె తీసి, ఇప్పపూవూ చింతపండూ తపసి బంకా ఏరి, వేటాడి బతికిన ఈ జనం పెంటలు అనే చిన్న చిన్న నివాసాల్లో ఉండేవారు. పెంట అంటే కొద్ది గుడిసెల గుంపు. నీరు ఇంకితే గుంపు కదిలి మరో నీటి పక్కకు పోయేది. అడవిలో ఏ నెలలో ఏ చెలమలో నీరుంటుందో వారికే తెలుసు గనుక, యాత్రికులకు కాపలాగానూ దారిగానూ వారే నిలిచారు. శ్రీశైల మల్లికార్జునుడు వేటకు వచ్చి తమ పిల్లను పెళ్ళాడాడని నమ్మి, ఆయనను చెంచు మల్లయ్య అని పిలుస్తారు. కొండచరియలకు వేలాడే పెద్ద తేనెపట్టులను తీసే పద్ధతిలో వారి బంధుత్వాల మర్మం కనిపిస్తుంది: అడవితీగలతో పేనిన తాడు మీద ఒకడు చరియ అంచు నుంచి కిందికి దిగి, పొగ పెట్టి తేనెటీగలను తోలి, పట్టు కోస్తుంటే, పైన తాడు పట్టుకుని కూర్చునేది అతని బావమరిదే. తన చెల్లెలి తాళి తెగే పని ఏ అన్నా చేయడు గనుక, తాడు అతని చేతిలో ఉంటేనే కిందివాడికి ధీమా.

1940లో ఆస్ట్రియా మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులతో గడిపి, వారి గురించి 1943లో గ్రంథం ప్రకటించాడు. ఆయన సూచన మీద నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాల అడవిని చెంచుల కోసం ప్రత్యేకించింది. నిజాంకు ఈ పీఠభూమితో వేరే అనుబంధం కూడా ఉంది. మన్ననూరుకు దక్షిణాన కొండ కొమ్మున ఉన్న ఫరహాబాద్ హైదరాబాదు దొరల వేటకూ వేసవి విడిదికీ నెలవు. ఆ పేరుకు ఉల్లాసనగరం అని అర్థం. తుపాకీతో పులిని చూడడానికి వెళ్ళిన చోటికే ఇప్పుడు జనం అటవీశాఖ జీపులో కెమెరాతో వెళ్తారు. 1978లో ఇక్కడి అడవిని అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల రక్షణ పథకం కిందికి తెచ్చారు. మూడున్నర వేల చదరపు కిలోమీటర్లకు మించిన విస్తీర్ణంతో అది దేశంలోనే అతి పెద్ద పులుల అభయారణ్యంగా పేరుపొందింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరపు భాగం అమ్రాబాద్ అభయారణ్యంగా తెలంగాణకు వచ్చింది. పులికి వెలిసిన కంచె చెంచుల పెంటలను కూడా చుట్టుకోవడం, వారి రాకపోకలకు అనుమతులు అవసరం కావడం ఈ కథలో ఇంకా తెగని చిక్కు. ఆ లోతట్టు అడవిలోనే, ఎత్తయిన రాతి గోడల నడుమ జలపాతం కింద ఉన్న సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి నాడు మాత్రం జనం లోయలోకి దిగి వస్తారు. జాతరలో దేవుడికి పూజారులు చెంచులే.

దక్షిణాన అహోబిలంలో చెంచులకూ దేవుడికీ బంధుత్వం మరింత బాహాటంగా సాగుతుంది. తిరుమంగై ఆళ్వార్ తమిళంలో కీర్తించిన ఈ నరసింహ క్షేత్రంలో, దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం వరకూ దాన్ని దాటి కొండల్లోకీ తొమ్మిది నరసింహాలయాలు చెదిరి ఉన్నాయి. వాటిని కలిపే దారి చాలావరకు భవనాశిని అనే వాగు వెంటనే, కొన్ని చోట్ల వాగులోనే, సాగుతుంది. జ్వాలా నరసింహుడి గుహ ముందు కొండ మీది నుంచి నీరు తెరలా జారుతుంటుంది. ఆపైన నిట్టనిలువుగా చీలి నిలిచిన రాతి శిఖరాన్ని ఉగ్రస్తంభం అంటారు, హిరణ్యకశిపుడి స్తంభం అదేనని నమ్మకం. క్వార్ట్‌జైట్ నిలువు పగుళ్ళ వెంట విరిగే తీరు తెలిసినవారికి ఆ శిఖరం ఆకారం ఆశ్చర్యం కలిగించదు, కాని దానికి ఇంతకన్నా తగిన కథ ఎవరూ అల్లలేరు. 1398లో ఇక్కడ నెలకొన్న అహోబిల మఠం శ్రీవైష్ణవ సంప్రదాయంలో ప్రముఖమైనది. నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్ళాడిన కథకు గుర్తుగా సంక్రాంతి సమయంలో పారువేట మొదలవుతుంది. ఉత్సవమూర్తులు పల్లకీలో కొండ దిగి, చుట్టుపక్కల ముప్ఫైకి పైగా ఊళ్ళు తిరుగుతూ, నలభై రోజులకు పైగా ఊళ్ళలోనే ఉంటాయి; స్వామి తన పెళ్ళికి తానే జనాన్ని పిలుచుకుంటాడని చెబుతారు. దేవుడిని చూడడానికి జనం కొండ ఎక్కడమే ఎక్కడైనా ఆచారం. ఇక్కడ దేవుడే దిగి రావడం విశేషం.

పడమటి పాదంలో నంద్యాలకు దగ్గరగా ఉన్న మహానంది గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఎందుకంటే అక్కడ చూడవలసింది నీరే. గర్భాలయం కింద నుంచి వచ్చే ఊటనీరు ఆలయం ముందు చతురస్రపు కోనేటిలోకి, అక్కడి నుంచి బయటి గుండాల్లోకి నిత్యం పారుతుంది. మెడ దాకా వచ్చే ఆ నీటిలో అడుగున పడిన నాణెం మీది అంకె కూడా చదవవచ్చు. వేసవిలో చల్లగా, చలికాలంలో తెల్లవారుజామున గోరువెచ్చగా తగులుతుంది. గుడి దాటిన తరువాత ఆ నీరే కాలువలై అరటితోటలకు పోతుంది. కోనేటి ఎదుట ఉన్న విమానం ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగిన శిఖరంతో బాదామి చాళుక్యుల అలంపురం గుళ్ళను గుర్తుచేస్తుంది.

కొండకు తూర్పున ఊటలకన్నా వాగులు ఎక్కువ. అందుచేత అక్కడ చరిత్ర చెరువుల రూపం తీసుకుంది. నల్లమలలోనే పుట్టిన గుండ్లకమ్మ రెండు గుట్టల సందులోంచి మైదానంలోకి దిగే చోట, ఆ సందును సుమారు 57 అడుగుల ఎత్తయిన కట్టతో మూసి కంభం చెరువును నిర్మించారు. విజయనగర రాజకుమారి వరదరాజమ్మ కట్టించిందని సంప్రదాయం చెప్పే ఈ చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. అదే ఏడాది అదే గుర్తింపు పొందిన పోరుమామిళ్ళ చెరువు దక్షిణంగా, కడప జిల్లాలో ఉంది. పోరుమామిళ్ళ గొప్పతనం దాని శాసనంలో ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో భైరవాలయం ఎదుట నిలిపిన రెండు రాతిపలకల మీద చెక్కించిన ఆ సంస్కృత శాసనం, చెరువు ఎలా కట్టాలో చెప్పే పాఠ్యగ్రంథం వంటిది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను అది లెక్కిస్తుంది: ధర్మపరుడూ ధనవంతుడూ అయిన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీయని నీటి ఏరు, దాన్ని తాకే కొండలు, పొడవెక్కని బిగువైన రాతికట్ట, లోతూ విశాలతా ఉన్న గర్భం, దగ్గరలో నిడుపాటి రాతి గని, సమతలమైన పొలాలు, పనితెలిసిన మనుషులు మొదలైనవి. దోషాలు ఆరు చెప్పింది: కట్ట నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు మధ్య తాబేటి వీపులా మెరక లేవడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఈ ఆరింటిలో సరిహద్దు దోషం ముందు నిలబడి నేటి అంతర్రాష్ట్ర జలవివాదాల న్యాయవాదులు ఎవరైనా ఒక దండం పెట్టవలసిందే. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్ళు పని సాగిందని కూడా శాసనం నమోదు చేసింది.

ఇరవయ్యవ శతాబ్దంలో నీటి లెక్క తలకిందులైంది. మనిషి నీటి దగ్గరకు పోయే రోజులు పోయి, నీరే మనిషి కట్టిన చోట నిలవడం మొదలైంది. నాగార్జునసాగర్ జలాశయం నిండకముందు, 1954 నుంచి 1960 వరకు పురావస్తుశాఖ ఇక్ష్వాకుల విజయపురి లోయను తవ్వి, కొన్ని కట్టడాలను యథాతథంగా, మరికొన్నిటిని నమూనాలుగా కొండ మీదికి తరలించింది. ఆ కొండే నేటి నాగార్జునకొండ ద్వీపం, దాని మీద ప్రదర్శనశాల. ఎగువన శ్రీశైలం ఆనకట్టకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1981 నాటికి 12 గేట్లతో, 885 అడుగుల పూర్తి నీటిమట్టంతో అది సిద్ధమైంది. సుమారు వంద గ్రామాలు నీట మునిగాయి, లక్షకు పైగా జనం ఊళ్ళు విడిచారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి పేర్చారు. భవనాశి, కృష్ణ, తుంగ, భద్ర మొదలైన ఏడు నదులు కలుస్తాయని చెప్పే సంగమేశ్వరంలోని గుడిని మాత్రం అలాగే వదిలేశారు. అక్కడి లింగం రాతిది కాదు, వేపకొయ్యది. ఏటా నీరు పెరిగి గుడి మునిగిపోయేటప్పుడు అర్చకులు మరబోటులో వచ్చి శిఖరానికి పూజ చేసి వెళ్తారు. వేసవిలో నీటిమట్టం తగ్గి గోడలు బయటపడగానే బురద కడిగి, మళ్ళీ ఆ కొయ్య లింగానికే అభిషేకం చేస్తారు. జలాశయం మీద పాతాళగంగ నుంచి పడవలో ఎగువకు పోతే అక్కమహాదేవి గుహలు వస్తాయి. పన్నెండవ శతాబ్దపు కన్నడ వచనకవయిత్రి అక్కడ తపస్సు చేసిందని చెబుతారు. ఆమె కాలంలో ఆ గుహలకు నడిచిపోయే దారి ఎంత కష్టమో, పడవ దిగగానే గుహ ముందుకు చేరే నేటి యాత్రికుడు ఊహించలేడు.

దోర్నాల నుంచీ మన్ననూరు నుంచీ మోటారు రోడ్లు వచ్చాక నాగలూటి దారి ఏడాదిలో ఎక్కువ కాలం చెంచులకూ అటవీ ఉద్యోగులకూ మాత్రమే మిగిలింది. శివరాత్రికీ, అంతకన్నా ఎక్కువగా ఉగాదికీ, అది మళ్ళీ తెరుచుకుంటుంది. శ్రీశైలంలోని అమ్మవారు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించే కన్నడ భక్తులు ఉత్తర కర్ణాటక జిల్లాల నుంచి పసుపూ కుంకుమా చీరా మూట కట్టుకుని, వందల కిలోమీటర్లు నడిచి వచ్చి, చివరికి ఈ అడవిదారి పడతారు. కొందరు కాళ్ళకు కొయ్యకాళ్ళు కట్టుకుని భీమునికొలను మెట్లు కూడా దిగి ఎక్కుతారు. ఉగాది నాటికి ఎండలు ముదిరి కొలనులు అడుగంటుతాయి గనుక, కొలను పేరూ చెరువు పేరూ మోసే ఆ మజిలీలకు ఇప్పుడు దేవస్థానం వారు ట్యాంకర్లతో తాగునీరు తోలుతారు.